రెండు నంబర్ల ఇంజను

ఐలి సారిక్కో కాపురానికి వచ్చిన మొదటి ఏడాదే ఇంజన్లను చెవితో గుర్తుపట్టడం నేర్చుకుంది. బిట్టర్‌వెల్‌లో అదేమంత గొప్ప కాదు. అమెరికాలో వయోమింగ్ బయళ్ళలో, పడమటి కొండ ఎక్కబోయే ముందు బళ్ళు ఆగి నీళ్ళూ బొగ్గూ పట్టుకునే చోట పుట్టిన ఊరది. నాలుగు వీధులు, రెండు చర్చిలు, ఒక పెద్ద ఇంజన్ షెడ్డు. ఇంటాయన ఏ ఇంజను మీద ఉన్నాడో తెలిస్తే పొయ్యి మీద ఎసరు ఎప్పుడు పెట్టాలో తెలుస్తుంది కాబట్టి ఆడవాళ్ళంతా నేర్చుకునేవాళ్ళు.

ఆమె తండ్రి ఫిన్లండ్ నుంచి బొగ్గుగనులకి వచ్చినవాడు. మొగుడు ఆర్వోదీ అదే కథ. కాకపోతే అతను గనిలోకి దిగనని మొండికేసి రైల్వేలో, ఇంజనుకి మంటా నీళ్ళూ చూసే ఫైర్‌మన్‌గా చేరాడు. అతనికి ఇష్టమైన ఇంజను 3918. కొండకోసం చేయించిన పెద్ద జాతి అది. ఒకే బాయిలరు కింద రెండు ఇంజన్ల చక్రాలు. ముందు నాలుగు చిన్నవి, తరవాత ఆరు పెద్దవి, మళ్ళీ ఆరు పెద్దవి, వెనక నాలుగు చిన్నవి. వంపు తిరిగేటప్పుడు ముందు సెట్టు చక్రాలు తలతిప్పిన ఎద్దులా పక్కకి ఒరిగేవి. అలాంటివి కంపెనీకి నలభైకి పైగా ఉన్నా, ఆర్వో దాన్ని ఎక్కడున్నా పోల్చుకునేవాడు.

భోజనాల బల్ల మీద వేళ్ళతో దరువు వేసి చూపించేవాడు. "విను. ఒకటి, రెండు, మూడు, ఆ నాలుగోది మెత్తగా పడిందా? ముందు సెట్టులో ఎడమ సిలిండరు పోతపోసినప్పుడే ఏదో తేడా జరిగింది. ఎన్నిసార్లు సరిచేసినా కుంటుతుంది."

"నువ్వు డాన్సు చేస్తే మొదటి అడుగుకే కుంటుతావు. దానికి వంక పెట్టేవాడివి నువ్వా?"

"నేను నలభై బళ్ళ బొగ్గు లాగి చూపించమంటే లాగలేను కదా. అందుకే దానికి గౌరవం ఇస్తున్నా."

1941 అక్టోబరులో ఒక మంగళవారం, పొద్దున్న పదింపావుకి, ఐలి రొట్టెకి పిండి కలుపుతూండగా కిటికీ అద్దాలు గలగలలాడాయి. తరవాత కొండవైపు నుంచి ఏ చప్పుడూ రాలేదు. అంతవరకూ వస్తున్నది ఆగిపోయింది. చేతుల పిండితోనే ఆమె వీధిలోకి వచ్చి నిలబడింది. వీధి పొడుగునా మిగతా ఆడవాళ్ళు కూడా అలాగే నిలబడి ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

3918 బాయిలరు పేలిపోయింది. అంత పెద్ద బాయిలరు చట్రం నుంచి ఊడి, గాలిలో పల్టీ కొట్టి, రెండొందల గజాల దూరంలో సేజ్ పొదల్లో పడింది. చక్రాలు, సిలిండర్లు, అడుగు చట్రం పట్టాల మీదే నిలబడి ఉన్నాయి, తల నరికిన గుర్రంలాగా. డ్రైవరు లోరిమర్ టాడ్‌లాక్, ఫైర్‌మన్ ఆర్వో సారిక్కో, ఇద్దరూ అక్కడికక్కడే పోయారు. శవపెట్టెలు రెండూ మూసే తెచ్చారు.

తనిఖీ అధికారులు వచ్చారు, కొలిచారు, రాసుకున్నారు. బాయిలర్లో నీళ్ళు తగ్గాయి, మంట మీది రేకు ఎర్రగా కాలి తెగిపోయింది, నీళ్ళు చూసుకోవలసింది సిబ్బందే, కాబట్టి సిబ్బంది అజాగ్రత్త. నివేదికలో ఆ మాట ఉంది. ఎవరి అజాగ్రత్తో లేదు. అది లేకపోవడమే కొంప ముంచింది.

టాడ్‌లాక్ భార్య జెనీవా సమాధుల దగ్గరే, ఐలికి వినపడేలాగా, పాదిరి భార్యతో అంది. "నీళ్ళు పెట్టడం ఫైర్‌మన్ పని. ముప్ఫైయేళ్ళు మా ఆయన ఇంజను నడిపాడు. ఒక్కసారి కూడా మాట రాలేదు."

ఐలి ఎప్పుడూ గొంతెత్తే మనిషి కాదు. కానీ తరవాత, కాఫీల దగ్గర, తమ ఫిన్లండ్ వాళ్ళతో మెల్లిగా అంది. "ఆ ముసలాయనకి కళ్ళు సరిగ్గా కనపడవని ఆర్వో ఎప్పుడో చెప్పాడు. బాయిలరు మట్టం చూపే గాజుగొట్టంలో నీళ్ళు ఎక్కడున్నాయో డ్రైవరు చూడొద్దా?" ఆ మాట కూడా కాళ్ళు మొలిచి జెనీవా గుమ్మం చేరింది. అప్పటినుంచి ఒకే వీధిలో ఆరిళ్ళ తేడాలో ఉన్న ఇద్దరు విధవలు ఎదురుపడితే ఒకరు వీధి దాటేవారు.

యుద్ధానికి మగవాళ్ళు వెళ్ళిపోయాక కంపెనీ ఆడవాళ్ళని షెడ్డులోకి తీసుకుంది. 1942 సెప్టెంబరులో ఐలి చేరింది. ఇంజన్లు తుడిచే పని. కిరసనాయిలు, పాతగుడ్డలు, గీకుడు బద్ద. జతగా చోలే అనే మెక్సికో పిల్ల. ముప్ఫై ఏళ్ళకే నలుగురు బిడ్డల తల్లి. నోరు ఆగేది కాదు.

"మొగుణ్ణి తోమినట్టు తోముతావేమే దాన్ని?" అనేది చోలే. "కంపెనీకి తుడిస్తే చాలు. మెరిపిస్తే ఎక్కువివ్వరు."

ఐలికి మాత్రం ఆ పని ఒక చదువులా ఉండేది. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే నలుపు. చెయ్యి పెడితే ఏ రెండూ ఒకటి కావు. ఒకదానికి గాలి పంపులు ముక్కు మీద పక్కపక్కన ఉంటే ఇంకోదానికి పక్కన కింద ఉండేవి. ఇసక డబ్బా గుండ్రంగా ఒకదానికి, పలకలుగా ఇంకోదానికి. దీపం పక్కన నంబరు, డ్రైవరు గది పక్కన నంబరు, బొగ్గు తొట్టి వెనక నంబరు. అవి రంగుతో రాసినవి, మార్చవచ్చు. చక్రాలని కలిపే ఉక్కు కడ్డీల మీద, సమ్మెటతో కొట్టి దించిన నంబరు ఇంకొకటి ఉంటుంది. మరమ్మతుకి విప్పినప్పుడు ఎవరి కడ్డీ ఎవరిదో తారుమారు కాకుండా. అది మాత్రం పోదు.

1943 మార్చిలో ఒక సెలవు రోజున, మధ్యాహ్నం, ఐలి పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది. తూర్పు నుంచి ఒక బండి కొండకి ఎదురెక్కుతోంది. ఒకటి, రెండు, మూడు. నాలుగోది మెత్తగా పడింది.

చేతిలో క్లిప్పు అలాగే ఉండిపోయింది. మళ్ళీ విన్నది. రెండు సెట్ల దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయి, మళ్ళీ విడిపోయి, విడిపోయినప్పుడల్లా ఆ కుంటి అడుగు బయటపడుతోంది. తెలియకుండానే లోపలికి వెళ్ళి పొయ్యి మీద కాఫీ గిన్నె పెట్టి, రెండు కప్పులు దింపింది. అవి బల్ల మీద చూశాక కుర్చీలో కూలబడింది.

ఆ చప్పుడు వారానికి రెండుమూడుసార్లు వచ్చేది. ఎవరితోనూ అనలేదు. అంటే ఏమంటారు? మొగుడు పోయిన దిగులు చెవికి ఎక్కిందంటారు. షెడ్డులో కొత్త ఇంజను 3946 వచ్చిందని విన్నది గానీ, తనెప్పుడూ దాన్ని తుడవలేదు. అది వచ్చిన పూటల్లా ఫోర్‌మన్ మెకస్లాండ్ ఆమెని బొగ్గు గుట్టవైపో, సామాను గదికో పంపేసేవాడు. యాదృచ్ఛికం అనుకుంది. ఒకసారి దూరం నుంచి చూసింది. కొత్త బాయిలరు, కొత్త గది, తళతళలాడే నంబరు. ఇద్దరు కుర్రవాళ్ళు దాని మీదికి ఎక్కబోతూ, ఒకడు చెప్పుల కింద ఉమ్మేసి, ఇంకొకడు టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని ఎక్కారు. ఏ ఇంజనుకీ ఎవరూ అలా చేయగా ఆమె చూడలేదు.

ఆగస్టులో మెకస్లాండ్ కడుపులో పుండు తిరగబెట్టి మంచం పట్టాడు. బదులుగా వేరే ఊరినుంచి వచ్చిన మనిషికి ఎవరి సంగతులూ తెలియవు. వచ్చిన రెండోరోజునే ఐలిని, చోలేని పిలిచి చెప్పాడు. "పదకొండో గదిలో 3946 కడ్డీలు. లోహం కనపడేదాకా గీకండి. పగుళ్ళు చూడాలి."

చోలే ఒక్కసారిగా అంది. "నేనొక్కదాన్నే చేస్తాను సార్. ఈమెకి నడుం నొప్పి."

"నాకేం నొప్పి లేదు," అంది ఐలి.

ఎడమవైపు ముందు కడ్డీ దగ్గర కూర్చుంది ఐలి. గ్రీజు కింద నల్లరంగు. రంగు మామూలుగా ఒక పూత ఉంటుంది. ఇక్కడ మూడు నాలుగు ఉన్నాయి, అరచెయ్యంత మేర మాత్రమే, ఎవరో కావాలని అద్దినట్టు. కిరసనాయిలు పోసి గీకింది. మొదట ఎనిమిది బయటపడింది. తరవాత ఒకటి. తరవాత తొమ్మిది. మూడు కోసం ఆమె గీకనక్కర్లేకపోయింది గానీ గీకింది. వేలితో తడిమి చూసింది. చల్లగా, లోతుగా ఉన్నాయి అంకెలు.

చోలే అవతలి పక్కనుంచి వచ్చింది.

"నీకు తెలుసా?" అంది ఐలి.

"తెలుసు."

"ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ." చోలే గుడ్డ నలుపుతూ నేల చూసింది. "ఆ నంబరుంటే ఎక్కేది లేదన్నారంతా. చట్రం బావుందని కంపెనీ కొత్త బాయిలరు పెట్టి నంబరు మార్చింది. నంబరు మారిస్తే మాత్రం మనవాళ్ళకి తెలీదా? యుద్ధం కదా, ఎక్కక ఏం చేస్తారు. నీకు మాత్రం తెలియకూడదని మెకస్లాండ్ అందరిచేతా ఒట్టేయించాడు. రంగు నేనే పూశానే. నాలుగుసార్లు పూశాను."

ఐలికి కోపం రాలేదు. తనకి పిచ్చి లేదన్న మాట ఒక్కటే మొదట తట్టింది. అయిదు నెలలుగా విన్నది నిజమే. ఆ తరవాత, ఆ నిజం పిచ్చికన్నా బరువుగా వచ్చి మీద కూర్చుంది. ఆర్వోని మింగింది ఇన్నాళ్ళూ ఇంటి వెనకనుంచే వస్తూ పోతూ ఉంది.

ఆ గదికి రెండు గదుల అవతల బాయిలరు మేస్త్రీ ఓరన్ పెల్ ఉన్నాడు. అరవై దాటినవాడు, మనిషి తాటిచెట్టంత. నలభైయేళ్ళు ఇనప డొల్లల్లో కూర్చుని రివెట్లు కొట్టి చెవులు రెండూ పోయాయి. ఐలి కడ్డీ దగ్గర మోకాళ్ళ మీద ఉండడం చూశాడు. గీకిన చోటు చూశాడు. చేతిలో సుత్తి కింద పెట్టి, నెమ్మదిగా వచ్చి, ఎదురుగా ఒక పెట్టె మీద కూర్చున్నాడు.

"కనిపెట్టావా అమ్మాయ్."

"దీనికి ఏమైందో మీకు తెలుసా?" అంది ఐలి.

"ఏంటీ?"

"ఆ రోజు ఏమైందో మీకు తెలుసా?"

"గట్టిగా చెప్పు, వినపడదు."

ఐలి లేచి నిలబడింది. "నీళ్ళు తగ్గనిచ్చింది ఎవరు? మా ఆయనా, టాడ్‌లాకా?" ఆ కేక షెడ్డు కప్పుకి తగిలి తిరిగొచ్చింది. పదకొండో గది నుంచి ఇరవయ్యో గది దాకా సుత్తులు ఆగిపోయాయి. ఐలి గొంతు అంత ఉంటుందని ఎవరికీ తెలియదు.

ఓరన్ మోకాళ్ళ మీద చేతులు తుడుచుకున్నాడు.

"ఎవరూ కాదు," అన్నాడు. చెవిటివాడు కాబట్టి అతనూ మెల్లిగా చెప్పలేడు, అందరూ విన్నారు. "గాజుగొట్టం అడుగున దారి మూసుకుపోయింది. ఈ ఊరి నీళ్ళలో ఉన్నదంతా సున్నమే కదా. అది పేరుకుని రాయి అయింది. లోపల నీళ్ళు తగ్గినా గొట్టంలో తగ్గవు. వాళ్ళిద్దరూ చూశారు, సగానికి పైన నీళ్ళు కనపడ్డాయి, నమ్మారు. ముందురోజు ఆ దారి పొడిచి శుభ్రం చేయవలసింది నేను. బళ్ళు వరసగా వచ్చాయి. చేశానని సంతకం పెట్టి పంపించాను."

"మీకెలా తెలుసు మూసుకుపోయిందని?"

"శకలాలు ఏరడానికి నన్నే పంపారు. పొదల్లో దొరికింది, ఆ గొట్టం అడుగున ఉండే ఇత్తడి ముక్క. జేబులో వేసుకున్నా. పారేద్దామనుకుని పారెయ్యలేకపోయా." చేత్తో జేబు తడుముకున్నాడు. "మా ఇంట్లో డబ్బాలో ఉంది. రోజూ పొద్దున్నే తీసి చూస్తా. ఈ ఇంజను షెడ్డులోకి వస్తే దీని దగ్గరికి నేను ఒంటరిగా రాను, అమ్మాయ్. నా వయసేంటి, నేను చేసే పనేంటి, అయినా రాను."

ఐలి అతని మీద చెయ్యి చేసుకుంటుందనుకున్నారు కొందరు. ఆమె వంగి గీకుడు బద్ద తీసుకుంది. "ఆ ముక్క నాకు తెచ్చివ్వండి," అంది. అతనికి వినపడలేదు. చోలే అతని చెవి దగ్గర అరిచి చెప్పింది.

అతను తెచ్చిచ్చింది అరచేతిలో పట్టేంత, మోచేయిలా వంగిన ఇత్తడి ముక్క. ఒక చివర చీలిపోయింది. ఇంకో చివర రంధ్రంలోకి చూస్తే తెల్లగా, గట్టిగా, పంటిలాగా సున్నం.

మర్నాడు సాయంత్రం ఐలి ఆరిళ్ళు నడిచి జెనీవా టాడ్‌లాక్ వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. జెనీవా పీచ్ పళ్ళు ఉడికించి సీసాలకి పోస్తోంది. తలెత్తి చూసింది గానీ గరిటె కింద పెట్టలేదు.

"దారి తప్పావా?"

"లేదు. మీతో మాట్లాడాలి, మిసెస్ టాడ్‌లాక్."

"రెండేళ్ళు మాట్లాడకుండా బాగానే బతికాం. పళ్ళు మాడిపోతాయి, తొందరగా చెప్పు."

ఐలి ఇత్తడి ముక్కని బల్ల మీద, సీసాల మధ్య పెట్టింది. ఓరన్ చెప్పిందంతా చెప్పింది. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. జెనీవా పొయ్యి ఆపి, కళ్ళజోడు పెట్టుకుని, ముక్కని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది. జడలోంచి ఒక పిన్ను తీసి ఆ రంధ్రంలో పొడిచింది. పిన్ను వంగిపోయింది. ఇంకోటి తీసి పొడిచింది. అదీ వంగింది.

"ఆయన కళ్ళు బాగానే ఉండేవి," అంది చివరికి. "చదవడానికి మాత్రమే కళ్ళజోడు. దూరం చూపు గద్ద చూపు."

"నేనలా అనకుండా ఉండాల్సింది."

"నేనన్నది మాత్రం తక్కువా?" జెనీవా కూర్చుంది. తరవాత, తనలో తను అనుకున్నట్టుగా, "అయితే ఆ ఇంజనే తిరుగుతోందంటావు," అంది.

"ఆ ఇంజనే. 3946 అని రాసుంది."

జెనీవా మొహంలో రంగు మారింది. "నీకూ వినపడుతోందా?"

"మీకు కూడానా?"

"మార్చి నుంచి. కిటికీలకి గుడ్డలు కుక్కాను. డాక్టరు నిద్రకి చుక్కలిచ్చాడు. నాకు మతి పోతోందని మా అమ్మాయికి ఉత్తరం కూడా రాసి, పోస్టు చెయ్యలేదు. చూడు, ఆ డ్రాయర్లోనే ఉంది." ఆమె నవ్వబోయింది, కుదరలేదు. "అది కొండ ఎక్కుతుంటే మా ఆయన బూట్లు తీసి గుమ్మంలో పెడతాను. ఎందుకో నాకే తెలీదు."

తను దించే రెండు కప్పుల సంగతి ఐలి అప్పుడు చెప్పింది. ఇంకెవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

వాళ్ళిద్దరూ కలిసే ఓరన్ ఇంటికి వెళ్ళారు. అతను వద్దనలేదు. అతను చెప్తుంటే జెనీవా రాసింది, అతను సంతకం పెట్టాడు, ఇత్తడి ముక్కతో సహా తనిఖీ కార్యాలయానికి పంపారు. వారంలో కంపెనీ అతన్ని పనిలోంచి తీసేసింది. పెట్టె సర్దుకుని నెబ్రాస్కాలో కూతురి దగ్గరికి వెళ్ళేరోజు స్టేషనుకి ఐలి వెళ్ళింది. జెనీవా వెళ్ళలేదు.

"క్షమించానని చెప్పమంటావా నన్ను?" అంది జెనీవా. "రెండేళ్ళు మనిద్దరం ఒకరినొకరం తింటుంటే, అదే చర్చిలో మన వెనక బెంచీలో కూర్చుని చూశాడు. నాకు రాదు ఆ మాట."

ఐలికీ ఆ మాట రాలేదు. స్టేషనులో ఓరన్‌కి దారికి రొట్టె ఇచ్చింది, అంతే. అతను ఏదో అన్నాడు. బండి చప్పుడులో ఈసారి ఆమెకి వినపడలేదు.

1944 ఏప్రిల్లో జవాబు వచ్చింది. ఒక్క కాగితం. 'సిబ్బంది అజాగ్రత్త' అన్న మాటలు కొట్టేసి, 'కారణం నిర్ధారించలేకపోయాము' అని మార్చామని ఉంది. తప్పు ఫలానాదని లేదు, ఓరన్ పేరు లేదు, సున్నం మాట లేదు. జెనీవా దాన్ని మూడుసార్లు చదివి, "పోనీలే, మనవాళ్ళ తప్పని లేదు కదా," అని బైబిల్లో పెట్టుకుంది. రెండో ప్రతి ఐలికి ఇచ్చింది.

మెకస్లాండ్ పనిలోకి తిరిగి వచ్చాక ఐలిని గదిలోకి పిలిచి, ఇక ముందు కూడా 3946ని ఆమెకి వేయనని చెప్పాడు. మంచి మనసుతోనే చెప్పాడు.

"నాకే వెయ్యండి," అంది ఐలి.

"ఎందుకమ్మా ఈ బాధ?"

"ఎవరో ఒకరు తుడవాలి కదా. వీళ్ళంతా దాన్ని భయంతో తుడుస్తారు. మూలలు వదిలేస్తారు."

యుద్ధం అయ్యేదాకా ఆమే తుడిచింది. ఆ ఇంజను చల్లారి నిలబడ్డప్పుడు లోపల ఇనుము ముడుచుకుంటూ టిక్కు టిక్కుమనేది. అన్ని ఇంజన్లూ అంటాయి. దీని దగ్గర మాత్రం చోలే కూడా మాటలు ఆపేసేది. ఒక్కోసారి ఐలికి ఎవరో డ్రైవరు గదిలో నుంచి వంగి తనని చూస్తున్నట్టు మెడ మీద వెంట్రుకలు లేచేవి. తలెత్తి చూసేది కాదు. చూస్తే ఎవరూ ఉండరని తెలుసు. ఆ ఖాళీని చూడడం ఇష్టం లేక. నిజం తెలిశాక ఆ చప్పుడు ఆగుతుందనుకున్నారు ఇద్దరూ. ఆగలేదు. కాకపోతే కొండవైపు అది మొదలైనప్పుడు ఇద్దరిలో ఎవరో ఒకరు వీధిలోకి వచ్చి రెండోవాళ్ళ ఇంటివైపు నడిచేవారు.

1946లో మగవాళ్ళు తిరిగొచ్చారు, ఆడవాళ్ళని ఇళ్ళకి పొమ్మన్నారు. ఐలి స్టేషను పక్క హోటల్లో కౌంటరు పనికి కుదిరింది. జెనీవా 1952లో చలికాలం జ్వరంతో పోయింది. చివరి వారం ఐలి ఆ ఇంట్లోనే ఉంది. డీజిలు ఇంజన్లు వచ్చాయి. అవన్నీ ఒకేలా మూలుగుతాయి, ఏది ఏదో చెవికి తెలియదు. 3946ని 1956లో ముక్కలు చేశారని ఎవరో చెప్పారు. ఐలి చూడడానికి పోలేదు.

ఆ మరుసటి వేసవిలో ఒహాయో నుంచి ఒక బడిపంతులు వచ్చాడు. మెళ్ళో కెమెరా, చేతిలో నోటుపుస్తకం. ఆవిరి ఇంజన్లు అయిపోతున్నాయని ఆ రోజుల్లో అలాంటివాళ్ళు చాలామంది వచ్చేవారు. కౌంటరు దగ్గర కూర్చుని ఆపిల్ పై తింటూ, పాత ఫోటోలు పరిచి, రెండు తయారీ వరసల ఇంజన్లకి తేడా తెలియడం లేదని గొణుక్కుంటున్నాడు. ఐలి కాఫీ పోస్తూ వేలు పెట్టి చూపించింది.

"పంపులు ముక్కు మీదుంటే మొదటి వరస. ఇది చూశారా, పక్కనున్నాయి, అంటే రెండో వరస. బొగ్గు తొట్టికి చక్రాలు లెక్కపెట్టండి, అక్కడ మోసం ఉండదు."

అతను గబగబా రాసుకున్నాడు. ఒక ఫోటో ముందుకి జరిపాడు. "మరి ఇదండీ, 3946? 1943లో కొత్తగా చేసిందని నా జాబితాలో ఉంది. కానీ చట్రం పాత రకంలా కనపడుతోంది."

ఐలి ఆ ఫోటోని చేతిలోకి తీసుకుంది. ఎండలో, ఏదో స్టేషనులో, పక్కనుంచి తీసినది. కాసేపటికి తిరిగి బల్ల మీద పెట్టింది.

"చట్రం పాతదే. 3918ది. 1941లో బాయిలరు పేలింది, ఈ కొండ మీదే. ఇద్దరు పోయారు."

"అవునా? నా దగ్గర లేదు ఈ సంగతి. రాసుకోవచ్చా?"

"రాసుకోండి. లోరిమర్ టాడ్‌లాక్, ఆర్వో సారిక్కో. అక్షరాలు చెప్తాను, తప్పు రాయకండి."

ఒక్కొక్క అక్షరం చెప్పింది. అతను పెన్సిలుతో నంబరు పక్కన ఖాళీలో ఇరికించి రాశాడు, చదివి వినిపించాడు. సరిగ్గానే ఉంది. అతను పేజీ తిప్పి, ఇంకో ఫోటో తీసి, దీని ఇసక డబ్బా పలకలుగా ఉందేమిటని అడిగాడు. ఐలి కాఫీ గిన్నె కింద పెట్టి, చేతులు తుడుచుకుని, చూడడానికి వంగింది.